ఉప్పు చూడని సోమవారాలు

ఊరంతా బంద్ అయినా పతంజలి గారి ప్రయోగశాలలో బంతి మాత్రం ఆగదు. బస్సులు డిపో గేటు దాటని ఆ రోజు కూడా హైమావతి స్కూటర్ మీద సందుల్లోంచి సందుల్లోకి దూరి వెళ్లి, కునుకు తీస్తున్న వాచ్‌మన్‌ని లేపి తలుపు తీయించుకుని, గాజు గిన్నెల్లో ఉన్న కణాలకు అన్నం పెట్టింది. అన్నమంటే నిజంగా అన్నం కాదు, గులాబీ రంగు నీళ్లు. అందులో చక్కెర, లవణాలు, దూడ నెత్తురు నుంచి తీసిన రసం ఉంటాయి. పాత నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పోయడం ఎక్కడైనా ఉన్నదే. ఇక్కడ మాత్రం దాన్ని బంతి అంటారు. పెళ్లి భోజనాల్లో లాగా మొదటి బంతి పొద్దున, రెండో బంతి సాయంత్రం.

ఈ అలవాటు పెట్టింది పతంజలి గారే. ఆయనది తెనాలి. తాను తినడం కంటే ఎదుటివాడి చేత తినిపించడం ఎక్కువ ఇష్టం. "ఆకలేసిన కణం అబద్ధం చెబుతుందమ్మా. ముందు దాని కడుపు నింపండి, ప్రశ్నలు తర్వాత," అనేవారు. చూడడానికి ఎవరు వచ్చినా, తమ దగ్గర ఏ కణమూ పస్తుండదని గొప్పగా చెప్పుకునేవారు. ఎలుకల గదిలో కూడా అంతే. బోను మీది గింజల తొట్టి సగానికి దిగితే ఆ పూట ఆయన ముఖం చూడలేం. ఆ గొప్ప అక్కడ పనిచేసే అందరికీ అంటుకుంది, హైమకు మరీ.

అయితే ఆ రోజు ఆమె వచ్చింది అలవాటుకొద్దీ కాదు. వరసలో చివరి గిన్నెలో ఉన్నవి ఆమె అక్క అంబుజ కణాలు. అంబుజ క్లోమ గ్రంథిలో పుట్టిన కంతి నుంచి సూదితో తీసినవి. వాళ్లమ్మను తీసుకుపోయింది ఆ జబ్బే. తల్లి పోయేనాటికి హైమకు పదో తరగతి కూడా కాలేదు. ఆమెకు జడలు వేసి, ముద్దలు కలిపి పెట్టి, కోరుట్ల బస్టాండు వెనక వండిన కూరలమ్మి చదివించింది అంబుజే. ఆ గిన్నెలో మందు పనిచేయకపోతే అక్క వచ్చే వానాకాలం చూడదు. హైమకు ఆ సంగతి డాక్టర్లు చెప్పనక్కర్లేదు.

మందు పేరు కళ్లెం. పేరు పెట్టింది కూడా ఆమే.

ఏ కణానికైనా, ముఖ్యంగా తిండి అందినప్పుడు, పెరగమని బయటి నుంచి కబురు వస్తుంది. లోపల ఆ కబురును ఒక ప్రొటీన్ ఇంకో ప్రొటీన్‌కు, అది మరొక దానికి అందించుకుంటూ కేంద్రకం దాకా చేరవేస్తాయి. మంచి కణం గడుసుది. కబురు అందగానే పెరగడం మొదలుపెడుతుంది, ఆ చేత్తోనే కబురును ఆపే ప్రొటీన్‌ను కూడా తయారుచేసుకుంటుంది. అందుకే చేతి మీది గాయం మానేవరకే చర్మం పెరుగుతుంది, ఆ తర్వాత ఆగుతుంది. క్యాన్సర్ కణంలో ఈ రెండో పని చెడిపోతుంది. పాత మందులు కబురు నోరు నొక్కేవి. నొక్కగానే కణం తనకు ఏమీ వినపడడం లేదనుకుని కొత్త చెవులు మొలిపించుకునేది. కొన్నాళ్లకు గుసగుస కూడా దానికి కేకలా వినిపించేది. వాళ్లమ్మకు జరిగిందదే. మందు వేసిన నెలలో కంతి సగానికి తగ్గింది, ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు, తర్వాత అది రెట్టింపై తిరిగొచ్చింది.

కళ్లెం నోరు నొక్కదు. హానిచేయని వైరస్ ఒకటి మోసుకెళ్లి కణంలో వదిలే చిన్న జన్యువు అది. కబురు ఎంత గట్టిగా వస్తే ఆపే ప్రొటీన్‌ను అంత ఎక్కువగా తయారుచేస్తుంది. గుర్రం ఎంత లాగితే కళ్లెం అంత బిగుస్తుంది. కంతి చావదు, కానీ పెరగదు. ఉన్నచోటే పడి నిద్రపోతుంది.

చూడడానికి వీలుగా కబురుకు ఆకుపచ్చ వెలుగు, కళ్లేనికి ఎరుపు వెలుగు తగిలించారు. హైమ సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి బంతి పోసింది. ముందు ఆకుపచ్చ రేగింది. కాసేపటికి దాని వెనకే ఎరుపు వచ్చి, కమ్ముకుని, పచ్చదనాన్ని అణిచిపెట్టింది. సాయంత్రం బంతికీ అదే జరిగింది. గిన్నెలో ఒక్క కణం కూడా రెండు కాలేదు.

"అక్కా, పట్టింది," అంది ఫోన్లో.

"ఏడుస్తున్నవా? ఏడిస్తే ఏమొస్తదే, తిన్నవా లేదా?" అంది అంబుజ.

పెద్దాసుపత్రి కమిటీ అనుమతితో కొద్దిమంది రోగులకు కళ్లెం ఎక్కించారు. అందులో మొదటి పేరు అంబుజది. వేసవి పోయేలోపు ఆమె కళ్లలో పసుపు విరిగింది. వదులైన జాకెట్లు మళ్లీ బిగువయ్యాయి. స్కాన్‌లో కంతి ఉన్నది ఉన్నట్టే, ఎండిన రేగుపండులా పడి ఉంది. దసరాలోపే అంబుజ కర్రీ పాయింటు రేకుల తలుపు తీసి పొయ్యి ముట్టించింది. ఆమె భర్త రాజమల్లు ప్లాస్టిక్ కవర్లలో పప్పుచారు పోసి దారం చుడుతూ, వచ్చినవాళ్లందరికీ మరదలి గొప్పలు చెప్పడమే పనిగా పెట్టుకున్నాడు. కొన్నవాడు చిల్లర అడిగినా ముందు హైమ కథ వినాల్సిందే.

ఆ రోజుల్లోనే అంబుజ ఒక పొద్దున ఫోన్ చేసింది. "ఎములాడ రాజన్నకు మొక్కిన హైమా. లేచి తిరిగితే సోమారం సోమారం ఒక్కపొద్దుంట అని. ఉండొచ్చునా?"

హైమ చేతిలో గొట్టం ఉంది, ముందు వరసగా గిన్నెలున్నాయి. బంతి వేళ. "ఉండక్కా. ఒక్కపూట తినకపోతే ఏమైతది," అనేసి ఫోన్ పెట్టేసింది.

తల్లి నుంచి వచ్చిన చెడ్డ జన్యువు అక్కను పట్టింది కనుక చెల్లెల్ని కూడా పరీక్ష చేశారు. హైమ క్లోమంలోనూ శనగగింజంత గడ్డ కనబడింది. పతంజలి గారు స్కాన్ చిత్రాన్ని వెలుగుకు పట్టి చాలాసేపు చూసి, కళ్లద్దాలు తుడుచుకున్నారు. "భయపడాల్సిన పని లేదమ్మా, మన దగ్గర మందుంది," అన్నారు. హైమ నవ్వింది. తన చేత్తో వండినదే తనకూ ఎక్కించారు. శనగగింజ శనగగింజలాగే ఉండిపోయింది. ఈ సంగతి విన్న రోజు అంబుజ ఫోన్లో, "నీకేం గాదు, నేనున్న గద," అంది. ఉండి ఏం చేస్తుందో హైమ అడగలేదు. అక్క మాటలు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

మరుసటి ఏడాది మామిడిపూత వేళకు అంబుజ స్కాన్‌లో ఎండిన రేగుపండు కాస్తా పచ్చిదైంది. కాలేయంలో కూడా మచ్చలు కనిపించాయి.

హైమ నమ్మలేదు. మిగతా రోగులందరి స్కాన్లూ తెప్పించుకుని చూసింది. ఒక్కరి కంతి కూడా కదలలేదు. దాచిపెట్టిన అక్క పాత కణాలను నిద్ర లేపి మళ్లీ చూసింది. ఆకుపచ్చ రేగడం, ఎరుపు వచ్చి పట్టడం, అంతా పాఠంలాగే నడిచింది. గిన్నెలో పట్టిన కళ్లెం ఒంట్లో ఎందుకు విడిపోయిందో ఎవరికీ అంతు చిక్కలేదు. మందు సీసాలో తేడా ఉందేమోనన్నారు ఒకరు. ఒంటి తత్వం అన్నారు ఇంకొకరు. ఏమీ తోచనప్పుడు డాక్టర్లు అనే మాట అదేనని హైమకు తెలుసు, ఒళ్లు మండింది.

మనసు ఆగక ఒక ఆదివారం సాయంత్రం కోరుట్ల బస్సెక్కింది. మర్నాడు పొద్దున్నే అక్క వెంట కర్రీ పాయింటుకు వెళ్లింది. వద్దన్నా వినదు అంబుజ. రెండు గిన్నెలు దించేసరికి ఆయాసపడుతోంది, కూర్చోమంటే మాత్రం, "కూసుంటే కూరెవరు జేత్తరే," అంటుంది. పప్పులో పోపు పెట్టి, గరిటె కొసన కొంచెం తీసి హైమ అరచేతిలో వేసింది.

"జర ఉప్పు సూడు."

హైమ నాకి చూసింది. "సరిపోయింది. నువ్వు సూడలేదా?"

"ఇయ్యాల సోమారం గద. ఒక్కపొద్దుండి ఉప్పెట్ల సూత్తనే? చేతి అందాజ మీద ఏత్త. ఇన్నేండ్ల చెయ్యి, తప్పుతదా?"

"ఎప్పుడు తింటవ్ మరి?"

"నిన్న రాత్రి తిన్నదే. ఇగ పొద్దుగూకినంక తానం జేసి, దీపం పెట్టుకొని, రాజన్నకు పరమాన్నం జూపెట్టి తింట. గప్పుడు జూడాలె మీ బావ మొకం. రెండు పూటల తిండి ఒక్కపూట తింటున్నవేందే అని నవ్వుతడు."

పక్కన కవర్లు విప్పుతున్న రాజమల్లు, "సోమారం ఒక్కటేనా? శుక్రారం గూడ గదే తీరు," అన్నాడు.

అంబుజ మొగుడి వైపు కొరకొర చూసింది. ఇక దాచి లాభం లేదనుకుందేమో, గరిటె గిన్నె అంచుకు తట్టి పెట్టింది. "శుక్రారం నీ పేరు మీద పట్టిన. నీకు గడ్డున్నదని తెల్సిన వారం కెల్లి. నీకు జెప్తే వద్దంటవని జెప్పలే. నీది మంచిగనే ఉన్నది గద, ఇంకేంది?"

హైమ అరచేతిలో ఇంకా పసుపు మరక ఉంది. దాన్నే చూస్తూ నిలబడిపోయింది. ప్రయోగశాలలోని గిన్నెలు కళ్ల ముందు మెదిలాయి. పొద్దున బంతి, సాయంత్రం బంతి, ఆదివారం బంతి, బంద్ రోజు బంతి. నిండుగా ఉన్న గింజల తొట్టెల కింద రాత్రంతా కొరుకుతూ తిరిగే ఎలుకలు. కళ్లెం పుట్టిన నాటి నుంచి ఇప్పటిదాకా దానికి ఆకలి ఎలా ఉంటుందో తెలియదు. దాన్ని తయారుచేసినవాళ్లు తెలియనివ్వలేదు. మిగతా రోగుల సంగతి కూడా అప్పుడే తట్టింది. వాళ్లందరికీ ఈ జబ్బుతో పాటు చక్కెర వ్యాధి కూడా ఉంది. వేళ తప్పితే కళ్లు తిరుగుతాయని డాక్టర్లు ముందే భయపెట్టారు కనుక వాళ్లు ఒక్క పూట కూడా మానరు. చక్కెర లేనిది అక్కకూ, తనకూ మాత్రమే. తనకు క్యాంటీన్ ఉంది. అక్కకు రాజన్న ఉన్నాడు.

హైమ అక్క చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇప్పుడే తిను. నా కోసం తిను," అంది.

"మొక్కు దప్పుతదే."

"అయితే కానీ. తిను."

చెల్లెలి గొంతు విని అంబుజ ఒప్పుకుంది. మధ్యాహ్నం కాకముందే, గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని, దేవుడికి ఒక దండం పెట్టుకుని, పప్పన్నం తింది. తిన్నంతసేపూ తప్పు చేసినదానిలా చుట్టూ చూసింది.

హైమ తిరిగొచ్చి అడిగింది విని పతంజలి గారు మొదట అర్థం కానట్టు చూశారు. "పస్తు పెడతావా? మన ల్యాబులోనా?"

"ఒక్క గిన్నెకు, సార్. ఒక్క బంతి ఆపుదాం."

ఆయన ఒప్పుకున్నారు గాని, ఆ సాయంత్రం అన్ని గిన్నెలకూ వడ్డిస్తున్నప్పుడు ఆ ఒక్కదాని వైపు చూడలేక ముందే ఇంటికి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తెర మీద చూశారు. కబురు లేక ఆకుపచ్చ ఆరిపోయింది. దాన్ని చూసుకుని తయారయ్యే ఎరుపు కూడా వెలిసిపోయింది. కబురుంటేనే కళ్లెం పుడుతుంది. పుట్టింది కూడా ఎక్కువసేపు నిలవదు, పూట గడిస్తే కరిగిపోతుంది. రాత్రి నిద్ర వరకైతే తట్టుకుంటుంది, ఆపైన తట్టుకోదు. ఈలోపు ఆకలేసిన కణాలు తమ పాత విద్య మరిచిపోలేదు. ఒళ్లంతా చెవులు మొలిపించుకుని ఎదురు చూస్తున్నాయి.

హైమ బంతి పోసింది. ఆకుపచ్చ రేగలేదు, భగ్గుమంది. తెర తెల్లబడేంత వెలుగు. ఎరుపు వచ్చింది, రాకపోలేదు. కానీ అది తయారై వచ్చేసరికి కొన్నిచోట్ల ఒకటిగా ఉన్న కణం రెండై కూర్చుంది. గిన్నెను మళ్లీ పస్తు పెట్టి మళ్లీ వడ్డించారు. అలా కొన్ని పస్తులు దాటేసరికి, ఆ సందులో పుట్టిన కణాలు ఎరుపును లెక్కచేయడం మానేశాయి. ఇక ఎంత వడ్డించినా, ఎంత ఎరుపు కమ్మినా వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

పతంజలి గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఒక్క పూటన్నా మాడ్చి చూసి ఉంటే తెలిసేదమ్మా. బీదాబిక్కీ ఉన్న దేశంలో, వారానికో ఉపవాసం ఉండే దేశంలో, ఆకలిని మరిచిపోయి మందు చేశాను," అన్నారు. హైమ ఆయన్ని ఓదార్చలేదు. ఓదార్చే స్థితిలో ఆమె లేదు. 'ఉండక్కా, ఏమైతది' అన్నది ఆయన కాదు.

కాసేపటికి ఆయన తన టిఫిన్ క్యారియర్ ఆమె ముందుకు జరిపారు. "ముందు నువ్వు తిను. నీ ఒంట్లోనూ అదే ఉంది. ఇక నుంచి నీకు ఆకలి వేయకూడదు. ఒక్కసారి తప్పితే ఏమీ కాకపోవచ్చు. ఏ సారి అవుతుందో చెప్పేవాడు లేడు."

ఆ రోజే రోగులందరికీ కబురు పెట్టారు. ఒక్కపొద్దులు, ఉపవాసాలు, పస్తులు ఎవరి కోసమూ, ఏ కారణానికీ వద్దన్నారు. వాళ్లు సరేనన్నారు. వాళ్లకది కొత్త కాదు. అంబుజకు కూడా చెప్పారు. కానీ ఆమె ఒంట్లోని కణాలకు ఇక కళ్లెంతో పని లేదు.

శ్రావణం వచ్చేసరికి అంబుజ మంచం పట్టింది. హైమ సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. అక్క చేతులు సన్నబడి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఒక మధ్యాహ్నం హైమ అరటిపండు ఒలుచుకుని తింటుంటే అంబుజ ఆమెనే చూస్తూ పడుకుంది.

"గంట గంటకు ఏందో ఒకటి తింటవేందే? చిన్నప్పుడు బతిలాడితే గూడ తినకపోదువు."

"సార్ తినమన్నడు."

"నన్ను గూడ పస్తులుండద్దన్నరు. నిన్ను తింటనే ఉండమన్నరు." అంబుజ కాసేపు ఆగింది. ఆమెకు ఊపిరి కూడబెట్టుకోవాలి. "నా ఒక్కపొద్దులతోనే తిరగబెట్టిందా హైమా?"

"కాదు," అంది హైమ వెంటనే.

"నీకు అబద్ధం ఆడరాదు. అమ్మ ఉన్నప్పుడు గూడ రాకపోయేది."

హైమ మంచం పట్టెకు తల ఆనించి ఏడ్చింది. తానే ఉండమన్నానని చెప్పింది, గిన్నెలకు పెట్టినంత శ్రద్ధ అక్కకు పెట్టలేదని చెప్పింది. చెప్పిన కొద్దీ ఏడుపు ఎక్కువైంది. అంబుజ ఆమె జుట్టులో వేళ్లు పెట్టి నిమిరింది. ఆమెకు కూడా బాధ కలిగింది, ముఖంలో కనబడింది. సోమవారాల సంగతికి కాదు. శుక్రవారాలు చెల్లెలికి తెలియకుండా ఉంటే బాగుండేదనుకుంది.

"నీకెర్క లేదు, నాకెర్క లేదు. ఎర్కుంటే ఉండమందువా? ఇగ దాన్ని తవ్వకు. ఒక్కమాట ఇను. నేను పోయిన్నాడు ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. పీనుగ లేసేదాక ఎవ్వలు ముద్ద ముట్టరు. మనోళ్ల సంగతి నీకు తెల్వంది కాదు, నువ్వు తింటే నాలుగు మాటలంటరు. అననీ. నువ్వు తినాలె. నా మీద ఒట్టు."

"అట్ల మాట్లాడకక్కా."

"ఒట్టెయ్యి."

హైమ ఒట్టు వేయలేదు. తల అడ్డంగా ఊపి బయటికి వెళ్లిపోయింది.

అంబుజ పోయింది ఒక ఆదివారం సాయంత్రం. ఆ మధ్యాహ్నం హైమ నాలుగు మెతుకులు తిన్నది, అదే ఆఖరు. అంబుజ కొడుకు భీవండి నుంచి రావాలి. అక్కడ మగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. బండి ఎక్కానని ఫోన్ చేశాడు, వానలకు ఎక్కడో ఆగిందన్నారు. శవాన్ని మర్నాటికి ఉంచారు. రాత్రంతా బంధువులు చాపల మీద కూర్చున్నారు. పొయ్యి చల్లగా ఉంది. బిందెలో నీళ్లు తప్ప ఎవరూ ఏమీ ముట్టలేదు.

సోమవారం తెల్లవారింది. వాకిట్లో అంబుజను పడుకోబెట్టారు, నుదుట రూపాయంత బొట్టు, మెడలో బంతిపూల దండ. హైమ ఆమె తల దగ్గర కూర్చుంది. పొద్దెక్కుతున్న కొద్దీ ఆమె కడుపులో నిప్పు లేచింది. తన లోపల ఇప్పుడేం జరుగుతోందో ఆమెకు తెర మీద చూసినంత స్పష్టంగా తెలుసు. ఎరుపు వెలిసిపోతోంది. శనగగింజలో చెవులు మొలుస్తున్నాయి. లేవాలి, లోపలికి పోవాలి, ఏదో ఒకటి నోట్లో వేసుకోవాలి. సంచిలో బిస్కెట్ పొట్లం కూడా ఉంది.

ఆమె లేవలేదు. అక్క తన కోసం అన్ని శుక్రవారాలు మాడింది. తాను అక్క కోసం ఒక్క సోమవారం ఉండలేదా అనిపించింది. ఉందామనే అనుకుంది. ఏమైనా కానీ అనుకుంది. అలా అనుకున్నాక గుండెల్లో బరువు కొంచెం దిగినట్టు కూడా అయింది.

అప్పుడు రాజమల్లు లేచాడు. రాత్రి నుంచి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, లోపలికి వెళ్లి అల్మారా పైనుంచి స్టీలు డబ్బా తీసుకొచ్చాడు. అందరి మధ్యలోంచి నడిచి వచ్చి హైమ ముందు గొంతు కూర్చుని మూత తీశాడు. నువ్వుల ముద్దలు.

"మీ అక్క చేసింది. పోయిన నెల శుక్రారం నాడు, లేపి గోడకు కూసోవెట్టుమని. నన్ను చెయ్యి వెట్టనియ్యలే. చెల్లె ఒట్టేత్తలేదు, నువ్వు దగ్గరుండి తినిపియ్యాలె అన్నది. తిను."

"బావా, నాతోటి కాదు."

"నాతోటి మాత్రం అయితాందా? ఒక్కదాన్ని వోగొట్టుకున్న. ఇద్దర్ని వోగొట్టుకోలేను. తిను బిడ్డా."

వాకిట్లో ఏడుపులు సద్దుమణిగాయి. అందరూ ఇటే చూస్తున్నారు. చాప చివర కూర్చున్న ముసలామె పక్కామెతో అంది, మెల్లగా అన్నాననుకుంది గాని అందరికీ వినబడింది. "పీనుగ ముంగటనే తినవట్టిరి. సదువుకున్న పిల్లకు గింత గూడ ఎర్క లేకపాయె." ఎవరో ఆమెను ఊరుకోమన్నారు. ఎవరో చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అక్కకు ఉప్పు చూసి పెట్టిన అరచేతినే చాపింది హైమ. రాజమల్లు అందులో ఒక ముద్ద పెట్టాడు.

ఆమె కొరికింది. నోరు ఎండిపోయి ఉంది, మొదట ఏమీ తెలియలేదు. నమిలేకొద్దీ నువ్వుల కమ్మదనం, దాని వెనక తీపి వచ్చాయి. బెల్లం సరిగ్గా సరిపోయింది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. శుక్రవారం నాడు చేసినవి. వద్దని చెప్పిన తర్వాత చేసినవి. ఒకటి కొరికి చూసి కట్టిందా, లేక ఆ రోజు కూడా చెల్లెలి పేరు మీద పస్తుండి చేతి అందాజ మీదే కట్టిందా? అడుగుదామని హైమ తల తిప్పి అక్క ముఖంలోకి చూసింది. ఎవరో ఈగ వాలకుండా విసనకర్రతో విసురుతున్నారు. అప్పుడు గాని ఆమెకు అక్క పోయినట్టు తెలియలేదు. నోటి నిండా ముద్ద ఉంది, ఏడవడానికి కూడా లేదు. నమిలి మింగింది.

ఒకటి చాలదు. ఎంత తింటే కబురు చేరుతుందో, ఎంత కబురుకు ఎంత కళ్లెం పుడుతుందో లెక్కలు కట్టింది తనే. ముసలామె ఇంకా చూస్తోంది. హైమ డబ్బాలో చెయ్యి పెట్టి రెండో ముద్ద తీసుకుంది.